ఒరిగితే పడిపోమా?

"మనిషి మీదకి మనిషి ఒరిగిపోతే ఇద్దరూ పడిపోరేటి?"

కాంటాక్ట్ ఇంప్రొవైజేషన్ అనే నాట్యం గురించి పలాస, టెక్కలి వైపు ఎవరికి చెప్పినా ముందుగా వచ్చే ప్రశ్న ఇదే. ఆ నాట్యంలో ఇద్దరు ఒంటికి ఒళ్ళు ఆనించి కదులుతారు. ఒకరి వీపు మీద ఒకరు దొర్లుతారు, భుజం మీదుగా జారి నేలకు దిగుతారు, ఒక్కోసారి ఒకరిని ఒకరు నడుం మీదికి ఎత్తుకుంటారు. ముందే అనుకున్న అడుగులంటూ ఉండవు. చాలాసార్లు పాట కూడా ఉండదు. తాకిన చోటు ఎటు దొర్లితే నాట్యం అటు సాగుతుంది. ఈ అధ్యాయంలో దీన్ని ఆనిక నాట్యం అని పిలుచుకుందాం.

దీని పుట్టుకకు తేదీ ఉంది. 1972 జనవరిలో అమెరికాలోని ఓబర్లిన్ కాలేజీలో స్టీవ్ పాక్స్‌టన్ అనే నర్తకుడు కొందరు యువకులను కుస్తీ పరుపు మీదికి దింపి, ఒకరినొకరు ఢీకొంటూ, పడుతూ, దొర్లుతూ ఒక ప్రదర్శన చేయించాడు. దాని పేరు 'మెగ్నీషియం'. పాక్స్‌టన్ జిమ్నాస్టిక్స్ చేసినవాడు, జపాన్ వారి పోరు విద్య ఐకిడో నేర్చినవాడు. ఆ ఏడాది జూన్‌లో న్యూయార్క్‌లోని ఒక కళాప్రదర్శనశాలలో ఆనిక నాట్యం కాంటాక్ట్ ఇంప్రొవైజేషన్ అనే పేరుతోనే జనం ముందుకు వచ్చింది. ఓబర్లిన్ విద్యార్థిని నాన్సీ స్టార్క్ స్మిత్ దాన్ని భుజాన వేసుకుని, 2020లో కన్నుమూసేవరకు దేశదేశాలకూ చేర్చింది. పాక్స్‌టన్ 2024లో చనిపోయాడు.

ఇంత దూరపు నాట్యానికి శ్రీకాకుళం జిల్లా ఉద్దానం తీరంతో ఏమిటి సంబంధం? ఉంది. ఒంటిని ఒంటికి ఆనించి బరువును నమ్మకంగా అప్పగించే విద్య ఈ జిల్లాకు కొత్తది కాదు. దాని దగ్గరకు వెళ్ళేముందు మన ఒంట్లో ఏం జరుగుతుందో చూద్దాం.

నిలబడటమూ ఒక పనే

కదలకుండా నిలబడటం అందరికీ వచ్చు అనుకుంటాం. పాదాలు దగ్గరగా పెట్టి, కళ్ళు మూసుకుని ఒక్క నిమిషం నిలబడి చూడండి. ఒళ్ళు కాస్త ముందుకు, కాస్త వెనక్కు ఊగుతూనే ఉంటుంది. బరువు మడమల్లోకి వెళ్తుంది, మళ్ళీ కాలివేళ్ళ మీదికి వస్తుంది. పిక్కలు బిగుస్తాయి, వదులవుతాయి. మీరు పూనుకుని ఏమీ చేయడం లేదు, అయినా లోపల పని ఆగడం లేదు.

కారణం మన నిర్మాణంలోనే ఉంది. ఒంటి బరువంతా ఒకచోట పోగుపడినట్టు లెక్కించగల బిందువును గరిమనాభి అంటారు. నిటారుగా నిలబడ్డ మనిషికి అది బొడ్డుకు కాస్త కిందుగా, కటి లోపల ఉంటుంది. అక్కడి నుంచి నేలకు ఒక గీత దించితే అది రెండు పాదాలూ, వాటి మధ్య చోటూ కలిసిన చిన్న గడిలో పడాలి. పడినంతసేపూ నిలబడతాం. గీత గడి దాటితే అడుగు వెయ్యాలి, లేదా పడిపోవాలి. ఇంత పొడుగు మనిషికి అంత చిన్న గడి. నిలకడ అంటే ఎడతెగని సర్దుబాటు అన్నమాట.

పాక్స్‌టన్ దీన్ని 'చిన్న నాట్యం' అన్నాడు. 'మెగ్నీషియం' చివర కూడా యువకులు చాలాసేపు ఊరకే నిలబడతారు. ఇప్పటికీ ఆనిక నాట్యంలో మొదటి పాఠం ఇదే. కొత్తగా వచ్చినవాళ్ళకు ఇది విసుగు పుట్టిస్తుంది, ఎత్తుళ్ళు ఎప్పుడు నేర్పుతారా అని చూస్తారు. నా అభిప్రాయంలో ఈ పాఠం దాటేసినవాళ్ళు ఆ తర్వాత ఏదీ సరిగ్గా నేర్చుకోలేరు. తన సొంత ఊగిసలాట తెలియనివాడికి ఎదుటివాడి ఊగిసలాట ఎలా తెలుస్తుంది?

వజ్రపుకొత్తూరు మండలం అక్కుపల్లి ఒడ్డున ఈ పాఠం బాగా పట్టుబడుతుంది. అల వచ్చి వెళ్ళిన తడి ఇసుక గట్టిగా ఉంటుంది, అక్కడ ఊగిసలాట సన్నగా తెలుస్తుంది. నాలుగడుగులు పైకి వచ్చి పొడి ఇసుకలో నిలబడితే చీలమండలు ఎంత కష్టపడుతున్నాయో వెంటనే అర్థమవుతుంది. పాదం కింద నేల జరుగుతుంటే సర్దుబాట్లన్నీ పెద్దవవుతాయి.

ఒంటెరుక

ఈ సర్దుబాటుకు కబుర్లు మోసేవి మూడు. ఒకటి కన్ను. రెండోది లోపలి చెవి. అందులో మూడు అర్ధచంద్రాకార గొట్టాలు తల తిరుగుళ్ళను పసిగడతాయి. వాటి పక్కనే రెండు చిన్న సంచుల్లో కాల్షియం కార్బొనేట్ స్ఫటికాలు ఉంటాయి. బారువ ఒడ్డున పిల్లలు ఏరుకునే గవ్వల్లో ఉండేదీ ఆ పదార్థమే. తల వంగితే ఆ స్ఫటికాలు బరువుకు జరిగి, కింది రోమకణాలను వంచుతాయి. భూమి ఎటువైపు ఉందో మెదడుకు అలా తెలుస్తుంది.

మూడోది అందరూ మరిచిపోయేది. కళ్ళు మూసుకున్నా మీ మోచెయ్యి వంగి ఉందో చాచి ఉందో మీకు తెలుసు. ముక్కు కొనను వేలితో తాకగలరు. కండరాల్లో సాగుదలను కొలిచే సన్నని పోగులు, స్నాయువుల్లో లాగుడును కొలిచే నాడీ కొసలు, కీళ్ళలో, చర్మంలో ఉన్న మరికొన్ని కలిసి ఈ ఎరుకనిస్తాయి. దీనికి ఒంటెరుక అని పేరు పెడదాం.

అది లేకపోతే ఏమవుతుందో ఇయాన్ వాటర్‌మన్ అనే ఇంగ్లండ్ మనిషి జీవితం చెబుతుంది. 1971లో, 19 ఏళ్ళ వయసులో, ఒక జబ్బు తర్వాత ఆయనకు మెడ కింది భాగంలో స్పర్శా పోయింది, ఒంటెరుకా పోయింది. కండరాలకు బలం ఉంది, కదిలించే నరాలూ బాగానే ఉన్నాయి. అయినా మంచం మీద లేచి కూర్చోలేకపోయాడు. నెలల తరబడి, ఏళ్ళ తరబడి సాధన చేసి, ప్రతి అవయవాన్నీ కంటితో చూసుకుంటూ కదలడం నేర్చుకున్నాడు. దీపం ఆరిపోతే కుప్పకూలిపోయేవాడు. ఆ మనిషి పట్టుదలకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. మనం మాత్రం ఆ వరాన్ని ఉచితంగా పొంది, ఉందని కూడా గమనించం. ఆనిక నాట్యం చేసేదల్లా దాన్ని గమనింపజేయడమే.

వేలి కొన తెచ్చే కబురు

ఇప్పుడు ఒక ప్రయోగం. ఒక పాదం ముందు మరో పాదం, మడమకు వేళ్ళు తగిలేలా పెట్టి కళ్ళు మూసుకోండి. తూలిపోతారు. అలాగే నిలబడి చూపుడువేలి కొనను గోడకు ఊరికే తగిలించండి. ఆనుకోవద్దు, తాకితే చాలు. తూలుడు ఒక్కసారిగా తగ్గిపోతుంది.

1994లో జెకా, లాక్‌నర్ అనే అమెరికన్ పరిశోధకులు దీన్ని కొలిచారు. వేలితో వేసే ఒత్తిడి 100 గ్రాముల బరువు కన్నా తక్కువ ఉండేలా చూశారు. అంత చిన్న ఒత్తిడి మనిషిని నిలబెట్టలేదు. గోడ ఇచ్చింది ఊతం కాదు, కబురు. ఒళ్ళు ఎటు ఊగుతోందో వేలి చర్మం ముందే చెబుతోంది, కాళ్ళు దాన్ని బట్టి సర్దుకుంటున్నాయి. తర్వాతి పరిశోధనల్లో గోడకు బదులు మరో మనిషిని ఉంచి చూశారు. తానూ ఊగుతూ ఉండే మనిషిని తేలికగా తాకినా ఇద్దరి ఊగిసలాటా తగ్గింది. నాట్యంలో ఇద్దరు చేతి వెనుకభాగాలు కలిపి కళ్ళు మూసుకుని నడిచే పాఠానికి పునాది ఇదే.

వేగం సంగతి కూడా ఉంది. కంటితో చూసి, మనసులో తేల్చుకుని, కదలడం మొదలుపెట్టాలంటే సెకనులో దాదాపు అయిదో వంతు పడుతుంది. పిక్క కండరం హఠాత్తుగా సాగితే వెన్నుపాము నుంచి వచ్చే బదులుకు అందులో అయిదో వంతు కాలం చాలు. పడిపోకుండా ఆపే పెద్ద సర్దుబాటు సుమారు 100 మిల్లీసెకన్లకే మొదలవుతుంది. మీటరు ఎత్తు నుంచి జారిన వస్తువు నేలను తాకడానికి సెకనులో సగం కూడా పట్టదు. కాబట్టి జతగాడు జారుతున్నప్పుడు "ఇప్పుడేం చెయ్యాలి?" అని ఆలోచించేవాడికి సగం సమయం ఆలోచనకే పోతుంది. తాకిన చోటి నుంచే కబురు అందుకున్న ఒళ్ళు అప్పటికే మోకాలు వంచి ఉంటుంది.

అయితే కొత్తవాళ్ళలో ఒక చిక్కు కనిపిస్తుంది. ఇద్దరూ తేలిగ్గా మొదలుపెట్టి, కాసేపటికి ఒకరినొకరు తోసుకోవడంలో పడతారు. ఎవరిని అడిగినా "వాడే గట్టిగా తోశాడండీ" అంటారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు! 2003లో లండన్ పరిశోధకులు ఇద్దరిద్దరిని కూర్చోబెట్టి, వంతులవారీగా ఒకరి వేలి మీద ఒకరు నొక్కమన్నారు. నీకు ఎంత ఒత్తిడి తగిలిందో అంతే తిరిగి ఇవ్వు అన్నారు. వంతు వంతుకూ ఒత్తిడి పెరుగుతూనే పోయింది. మనం చేసే పని తాలూకు స్పర్శను మెదడు ముందే ఊహించి తగ్గించి చూపుతుంది. అందుకే మన చక్కిలిగింత మనకు తెలియదు. అందుకే మన తోపు మనకు చిన్నదిగా, ఎదుటివాడిది పెద్దదిగా తోస్తుంది. పిల్లల కొట్లాటలు పెరిగేదీ ఇలాగే కావచ్చు. మందు తేలికైనది: బరువెక్కుతోంది అనిపించగానే మీకు సరిపోయిందనుకున్న దానిలో సగమే ఇవ్వండి. జతగాడు వెంటనే మెత్తబడతాడు.

బరువు పంచుకోవడం

మొదటి ప్రశ్నకు ఇప్పుడు బదులు చెప్పుకోవచ్చు. పూరింటి కప్పు వేసేటప్పుడు రెండు వైపుల నుంచి వచ్చే వాసాలను తలుచుకోండి. ఏ వాసాన్నీ ఒంటరిగా ఆ వాలులో నిలబెట్టలేం, పడిపోతుంది. రెండూ పైన ఒకదానికొకటి ఆనితే రెండూ నిలుస్తాయి. ఒకటి ఎటు పడబోతుందో రెండోది అటే అడ్డు. ఆ పైన తాటాకూ, వర్షపు నీరూ మోస్తాయి. కానీ వాసాల అడుగు కొసలు బయటికి తన్నుతాయి, అక్కడ పట్టు సడలితే కప్పు దిగబడుతుంది. ఒక వాసాన్ని హఠాత్తుగా లాగేస్తే రెండోది ఆగదు.

ఇద్దరు వీపులు ఆనించి, పాదాలు కాస్త ముందుకు జరిపి వాలినప్పుడు జరిగేది అదే. విడివిడిగా చూస్తే ఎవరి గరిమనాభీ వాళ్ళ పాదాల మీద లేదు. ఇద్దరినీ కలిపి చూస్తే మాత్రం ఉమ్మడి గరిమనాభి నాలుగు పాదాల మధ్య చోటులో హాయిగా పడుతోంది. నాలుగు కాళ్ళ కొత్త జీవి ఒకటి తయారైంది. దాని గడి చాలా పెద్దది, అందుకే అది ఒంటరి మనిషి నిలవలేని వాలుల్లో నిలుస్తుంది. ఇక వాసాలకు లేనిది ఒకటి మనుషులకు ఉంది. కింది పట్టు సడలుతుంటే తెలుస్తుంది, సర్దుకోగలరు.

ఆ పట్టు విషయంలో టెక్కలి వైపు ఇళ్ళలో ఒక హెచ్చరిక అవసరం. నీలి గ్రానైట్ దొరికే ప్రాంతం కాబట్టి నునుపు పలకల గచ్చులు అక్కడ ఎక్కువ. మేజోళ్ళతో ఆ గచ్చు మీద వీపులు ఆనించి వాలితే పాదాలు జారిపోతాయి. ఒట్టి కాళ్ళతో, గరుకు నేల మీద చెయ్యండి.

ఎత్తడానికి బలం కావాలి కదా అంటారు. కొంత కావాలి. బలానికి పేరుపడ్డ జిల్లా ఇది. 2022 వరకు ఈ జిల్లాలోనే ఉన్న వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడు ఛాతీ మీద పలక వేయించుకుని ఏనుగును నిలబెట్టుకున్నారు. ఆమదాలవలస వైపు నుంచి వెళ్ళిన కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో మొత్తం 240 కిలోలు ఎత్తి కంచు పతకం తెచ్చారు. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ ఆమె. ఆ ఇద్దరి విద్యలోనూ కండతో పాటు భౌతికశాస్త్రం ఉంది. పలక ఏనుగు బరువును ఒకచోట గుచ్చుకోనీయకుండా పరిచింది. మల్లీశ్వరి చేతిలోని కడ్డీ ఒంటికి ఎంత దగ్గరగా, పాదాల గడికి ఎంత నేరుగా పైన ఉంటే నడుం మీద అంత తక్కువ భారం పడింది.

ఆనిక నాట్యంలో ఎత్తుళ్ళూ ఈ రెండు సూత్రాల మీదే నడుస్తాయి. కొత్తవాళ్ళు చేతులు చాచి ఎత్తబోతారు. చేతులు చాచినకొద్దీ నడుం మీద భారం పెరుగుతుంది. చేతులు వదిలేసి, మోకాళ్ళు వంచి, మీ కటిని జతగాడి కటి కిందికి తీసుకెళ్ళండి. అతని గరిమనాభి మీ గరిమనాభికి పైగా రాగానే బరువు మీ ఎముకల గుండా నేలకు దిగిపోతుంది. మోకాళ్ళు నిదానంగా చాస్తే అతను లేస్తాడు. 50 కిలోల అమ్మాయి 70 కిలోల అబ్బాయిని కటి మీద నిలుపుకోగలగడంలో రహస్యమంతా ఇంతే.

పైకి వెళ్ళేవాడికీ పని ఉంది. ఒళ్ళంతా వదిలేసినవాడు బస్తాలా కిందికి వేలాడి రెట్టింపు బరువుగా తోస్తాడు. కాస్త బిగువు ఉంచుకుని, తాకిన చోటులోకి బరువు పోసేవాడు తేలికగా ఉంటాడు. కాటా మీద ఇద్దరూ ఒకటే తూగుతారు, మోసేవాడికి మాత్రం ఒకటి కాదు. బరువు ఎక్కడుందో తెలిస్తే మొయ్యడం సులువు.

పడటానికీ ఒక పద్ధతి

ఎంత నేర్చినా పడతాం. కాబట్టి పడటాన్ని ముందే నేర్చుకోవాలి. మీటరు ఎత్తు నుంచి పడ్డ ఒళ్ళు ఒక్క సెంటీమీటరులో ఆగిపోతే, ఆ క్షణం దాని మీద పడే బలం బరువుకు సుమారు వంద రెట్లు. అదే పది సెంటీమీటర్ల దూరంలో మెల్లగా ఆగితే పది రెట్లకు కాస్త పైన. ఎముక విరగడానికీ, దుమ్ము దులుపుకుని లేవడానికీ మధ్య తేడా అంత చిన్నది. ఆగే దూరాన్నీ ఆగే చోటునూ పెంచడమే పడే విద్య. మోకాలు మడవాలి, పిర్ర, పక్క, భుజం వెనుకభాగం ఒకదాని తర్వాత ఒకటి నేలను తాకాలి, దొర్లిపోవాలి. చెయ్యి నిటారుగా చాచి నేలను ఆపబోతే మణికట్టు విరుగుతుంది. తల ఎప్పుడూ లోపలికే.

దీనికి పొడి ఇసుక మంచి పరుపు. ముందు కూర్చుని పక్కకు పడండి, తర్వాత మోకాళ్ళ మీద నుంచి, ఆ తర్వాతే నిలబడి. నెల గడిచాక గానీ భుజాల ఎత్తు ఆలోచన వద్దు.

ఉద్దానానికి ప్రత్యేకంగా ఒక మాట. కిడ్నీ జబ్బు ఇన్ని ఇళ్ళను పట్టి పీడిస్తున్న నేల ఇది. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం మొదలయ్యాయి. డయాలసిస్ కోసం చేతికి ఫిస్టులా వేయించుకున్నవారు ఆ చేతి మీద ఏ ఒత్తిడీ పడనివ్వకూడదు. ఈ జబ్బు ముదిరితే ఎముకలు కూడా బలహీనపడతాయి. అలాంటివారు డాక్టరును అడిగాకే ఏదైనా మొదలుపెట్టాలి. వేలి కొన తాకించి నిలబడే పాఠంలో ఎత్తడం, పడటం ఉండవు కాబట్టి అడగవలసింది ముందుగా దాని గురించే. మిగిలినవాళ్ళు ఉంగరాలు, గాజులు, బెల్టులు తీసేసి, గోళ్ళు కత్తిరించుకుని రండి.

తాకిడి గురించి మొహమాటపడకుండా చెప్పాలి. మన ఊళ్ళలో మగపిల్లలు ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసుకుని తిరుగుతారు, ఆడపిల్లలు చేతులు పట్టుకుని నడుస్తారు. ఆడా మగా కలిసి ఆనుకోవడం వేరే సంగతి. ఎవరితో చెయ్యాలో, ఎక్కడ తాకనివ్వాలో ఎవరికి వారే నిర్ణయించుకోవాలి. "వద్దు" అంటే వెంటనే ఆగాలి, కారణం అడగకూడదు. భయంతో బిగుసుకున్న కండరం ఎదుటివాడి కబురును అందుకోలేదు. కాబట్టి ఇది మర్యాదే కాదు, ఆ నాట్యం సాగడానికి కావలసిన షరతు కూడా.

తప్పెటగుళ్ళ గోపురం

గుండెల మీద గుళ్ళు అనే వాయిద్యాలు కట్టుకుని, కాళ్ళకు గజ్జెలతో, వలయంలో ఎగిరే తప్పెటగుళ్ళ జట్టును ఉత్తరాంధ్రలో చూడనివారుండరు. యాదవులు తరతరాలుగా కాపాడుకున్న కళ ఇది. వాన కోసం గంగమ్మను కొలిచే ఆట. ఊపు పెరిగాక వాళ్ళు ఒకరి తొడ మీద ఒకరు, భుజం మీద ఒకరు ఎక్కి గోపురం కడతారు. ఈసారి కింద నిలిచినవాళ్ళ పాదాలు చూడండి. గడి పెంచుకోవడానికి ఎడంగా పెట్టి ఉంటాయి. మోకాళ్ళు ఎప్పుడూ పూర్తిగా చాచి ఉండవు. పైకెక్కేవాడు చేతులతో లాక్కోడు, కిందివాడి తొడా భుజమూ, అంటే ఎముక నేరుగా నేలకు దిగే చోట్లు, చూసి పాదం పెడతాడు. ఇంతవరకు మనం చెప్పుకున్నదంతా అక్కడ ఉంది.

తేడా ఒక్కచోట ఉంది. తప్పెటగుళ్ళలో దెబ్బ అందరికీ తర్వాతి క్షణాన్ని ముందే చెబుతుంది. ఎప్పుడు ఎగరాలో, ఎప్పుడు మొయ్యాలో వాయిద్యం చెబుతోంది. ఆనిక నాట్యంలో ఆ దెబ్బ లేదు, తర్వాతి క్షణం ఏమిటో ఇద్దరిలో ఎవరికీ తెలియదు. చర్మం ఒక్కటే ఆధారం. అందుకే నాకు తప్పెటగుళ్ళు ఆనిక నాట్యానికి మంచి బడి అనిపిస్తుంది. లయ సాయంతో బరువు మొయ్యడం ముందు నేర్చుకుని, తర్వాత ఆ సాయం తీసేసి చూడవచ్చు.

మన దేశంలో ఆనిక నాట్యపు తరగతులు గోవా, బెంగళూరు, ఆరోవిల్ వంటి చోట్ల జరుగుతుంటాయి. పలాస కుర్రాడికీ, టెక్కలి అమ్మాయికీ అవి దూరం. కానీ నిలబడే పాఠానికి గురువు అక్కర్లేదు, ఆనుకునే పాఠానికి ఒక్క నమ్మకమైన స్నేహితుడు చాలు. ఎత్తుళ్ళు, పడటం మాత్రం వీడియోలు చూసి నేర్చుకోవద్దు. మీ చుట్టుపక్కల తప్పెటగుళ్ళ జట్టు ఉంటే ఆ జట్టు పెద్దాయన దగ్గరకు వెళ్ళి, గోపురంలో కిందివాడు ఎలా నిలబడాలో చూపించమని అడగండి. ఆయన వయసు పెరిగి ఆట మానకముందే వెళ్ళండి.